రివర్ట్ అంటే జవాబియ్యడం కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా మనుమరాలికి ఉద్యోగం విషయమై ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. చివర్ల ‘కైండ్లీ రివర్ట్ బ్యాక్’ అని ఉంది. “జవాబియ్యమంటున్నరు తాతా” అన్నది. నాకు ప్రాణం చివుక్కుమంది. 32 ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సర్వీస్ రిజిస్టర్లు రాసినవాణ్ణి. మాకు రివర్షన్ అంటే ఒకటే: ప్రమోషన్ వచ్చిన మనిషిని మళ్లీ కింది పోస్టుకు దించడం. ఒక సీనియర్ అసిస్టెంటుకు ఆ ఆర్డరు అందించింది నేనే. ముట్టినట్టు సంతకం పెడుతుంటే ఆయన చెయ్యి వణికింది, సిరా కాగితం మీద మరకైంది.

రివర్ట్ అనే క్రియకు లాటిన్ మూలంలోనే వెనక్కి తిరగడమని అర్థం. షరతు తప్పితే అసైన్డ్ భూమి సర్కారుకు రివర్ట్ అవుతుంది. ‘వెనక్కి’ అందులోనే ఉన్నప్పుడు మళ్లా ‘బ్యాక్’ ఎందుకు? జవాబు అనే అర్థం మన ఆఫీసుల్లో పాతుకుపోయి నిఘంటువులకూ ఎక్కింది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ దాన్ని భారతీయ ఇంగ్లిష్ అని ప్రత్యేకంగా గుర్తుపెట్టి చూపుతారు. బయటి దేశాలకు రాసే పిల్లలు ‘రిప్లై’ అనే రాయాలి. దయచేసి మీ విద్యా పేజీలో ఈ సంగతి చెప్పండి.

– ఒక విశ్రాంత సూపరింటెండెంట్, హనుమకొండ