గోల పిల్లలది కాదు, నిర్లక్ష్యం పెద్దలది

సంపాదకులకు,

విద్యార్థుల వల్ల వాల్తేరు వీధుల్లో ప్రశాంతత కరువైందని పోయిన వారం మీ జిల్లా పేజీలో రాశారు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ పెదవాల్తేరులోనే ఉంటున్నాను. తప్పంతా పిల్లల నెత్తిన రుద్దడం అన్యాయం.

1926లో బెజవాడలో మొదలై, 1930లో ఇక్కడికి వచ్చిన ఆంధ్రా యూనివర్సిటీ అంటే మాకు ఎప్పుడూ గర్వమే. కట్టమంచి రామలింగారెడ్డి గారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ చాన్సలర్లుగా పనిచేసిన చోటు మరి. మేడ మీద గదిలో అద్దెకుండే కుర్రాళ్లు మమ్మల్ని పిన్నీ, బాబాయ్ అనేవారు. పండక్కి ఊరెళ్తే పలాస జీడిపప్పు పట్టుకొచ్చేవారు. పోలమాంబ జాతర పనుల్లో ముందుండేవారు.

ఇప్పుడు అలా గదులు అద్దెకిచ్చిన ఇంటివాళ్లే వీధిలో లేరు. ఇళ్లను హాస్టళ్ల వాళ్లకు లీజుకిచ్చి బెంగళూరు, అమెరికా వెళ్లిపోయారు. మా ఎదురింట్లో హాలుకు అడ్డంగా ప్లైవుడ్ కొట్టి మూడు గదులు చేశారు. అరుగు పగలగొట్టి ఇనప మెట్లు పెట్టారు. సాయంత్రాలు మేమంతా కూర్చుని పూలు కట్టుకున్న అరుగది! ఒకప్పుడు టు-లెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఉండేది. ఇప్పుడు ఫ్యామిలీ అంటే ఇల్లే ఇవ్వరు. మంచానికింత అని వసూలు చేస్తే వచ్చే డబ్బు, ఒక కుటుంబం ఇచ్చే అద్దెలో ఎక్కడొస్తుంది?

శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల్ని గదికి ఆరుగుర్ని కుక్కుతున్నారు. రాత్రి పదకొండింటికి గేటు బయట నిలబడి ఫోన్ మాట్లాడుతున్నారంటే లోపల కూర్చునే చోటు లేకే. మీ విలేకరి వాళ్లను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

హాస్టళ్ల వాళ్లు కుళాయి గొట్టానికి నేరుగా మోటార్లు బిగిస్తే వీధి చివరి ఇళ్లలో బిందె నిండడం లేదు. మ్యాన్‌హోల్ పొంగుతోందని ఫిర్యాదు చేస్తే ఒకాయన వచ్చి ఫొటో తీసుకుని వెళ్లాడు. సాయంత్రానికి సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, మురుగు మాత్రం గుమ్మం ముందే ఉంది. నివాసమని ప్లాన్ పాస్ చేయించుకుని మెస్‌తో సహా హాస్టల్ నడుపుతుంటే అధికారులకు కనిపించదు. మేం ప్రహరీ రెండు వరసలు పెంచితే మర్నాడే నోటీసు! ఏ ఆఫీసుకెళ్లినా ఇదే వరస, సామాన్యుడి కాగితంలోనే తప్పులు దొరుకుతాయి.

శివాజీపాలెం, చినవాల్తేరు, ఎంవీపీ కాలనీల్లో ఉన్న ప్రతి హాస్టల్‌నూ తనిఖీ చేయాలి. గదికి ఎంతమందో పరిమితి పెట్టి, యజమాని పేరు, ఫోన్ నంబరు గేటు మీద రాయించాలి. క్యాంపస్‌లో హాస్టల్ సీట్లు పెంచాలి. ఇదంతా వచ్చే అడ్మిషన్ల లోపే జరగాలి, ఆ తర్వాత చేసి ప్రయోజనం లేదు.

– ఒక గృహిణి, పెదవాల్తేరు, విశాఖపట్నం