ఎగ్జిబిషన్ రైడ్లకూ రోజువారీ తనిఖీ ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

2025 డిసెంబరులో చెన్నైలో వండర్‌లా పార్కు తెరుచుకున్నప్పటి నుంచి మా కర్నూలు పిల్లల నోట రోలర్ కోస్టర్ మాటే వినిపిస్తోంది. హైదరాబాద్ శివారు రావిర్యాలలో అదే సంస్థ పార్కు 2016 నుంచీ ఉన్నా, ఆ ప్రయాణమూ టికెట్టూ భరించలేని కుటుంబాలకు వేసవిలో ఊళ్లోకి వచ్చే ఎగ్జిబిషనే దిక్కు. గత వేసవిలో అలాంటి ఒకచోట జెయింట్ వీల్ తొట్టి తలుపుకు గొళ్లెం బదులు ఇనుప తీగ చుట్టి ఉండడం చూసి మా మనవరాలిని వెంటనే దింపేశాను. అడిగితే నిర్వాహకులు నవ్వి ఊరుకున్నారు.

రోలర్ కోస్టర్ చూడడానికి ఎంత భయం గొలిపినా దాని భద్రత నిర్మాణంలోనే ఇమిడి ఉంటుంది. పట్టాను పైనా, పక్కనా, కిందా చక్రాలు పట్టి ఉంచడం వల్ల బండి తలకిందులైనా పట్టా వదలదు. బండిని పైకి లాగే గొలుసు తెగినా వెనక్కి జారకుండా ఎక్కుడు దారి పొడవునా పళ్ల కమ్మీ ఉంటుంది, పైకి వెళ్తున్నప్పుడు వినిపించే టకటక చప్పుడు దానిదే. ప్రతి ఉదయం ఖాళీ బండ్లను నడిపి చూశాకే జనాన్ని ఎక్కిస్తారు.

2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు. అది స్థిరమైన పార్కు. మరి ఒక ఊళ్లో విప్పి, లారీకెక్కించి, ఇంకో ఊళ్లో బిగించే యంత్రాల బోల్టులను ఎవరు చూస్తున్నారు? అనుమతి ఇచ్చే అధికారులు బిగింపు పూర్తయ్యాక మెకానికల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించి, ఏ రోజు తనిఖీ పత్రాన్ని ఆ రోజే టికెట్ కౌంటర్ వద్ద అతికించేలా షరతు విధించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కర్నూలు