ఈసారి వాగ్దాన కార్డుల్లో ‘శ్రమ’ ఎందుకు ఉంది

ఏటా మా దగ్గర వాగ్దాన కార్డులు తీసుకునే సంఘాల అయ్యగార్లకు, అమ్మగార్లకు, దుకాణానికి వచ్చే మీ అందరికీ ప్రభువు నామమున వందనాలు.

చెప్పవలసినవి రెండు. డిసెంబరు 10కి ఇస్తామన్న 2026 కార్డులు, అంటే కొత్త సంవత్సరానికి తలా ఒకటి తీసుకునే బైబిలు వాక్యాల కార్డులు, 22 నాటికి గాని మీ చేతికి రావు. రెండోది, పెట్టెలో కొన్ని కార్డులు మారాయి, వాటిలో ‘శ్రమ’, అంటే బైబిలు మాటలో కష్టం, బాధ, కూడా చేరింది. ఆలస్యానికి మీరెవరూ పెద్దగా కోప్పడలేదు. మార్పు సంగతి మాత్రం నేను చెప్పకముందే భీమవరం దాటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి వచ్చింది. ‘ఈసారి శాపాలు అచ్చు వేస్తున్నారట కదా’ అని ఒకరు ఫోను చేసి మరీ అడిగారు. ఆ మాట పట్టుకుని ఇంకెవరూ అడగకముందే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ముందు ఆలస్యం. మన కార్డు 300 జీఎస్‌ఎం ఆర్ట్ బోర్డు మీద, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే అట్ట మీద వేస్తాం. బైబిల్లో ఏడాది పాటు ఉన్నా మడత పడదు, అంచు నలగదు. విజయవాడ నుంచి మాకు ఎంతోకాలంగా బోర్డు ఇచ్చే వ్యాపారి ఈసారి పంపిన కట్టలు విప్పగానే చేతికి తేడా తెలిసింది. పైన చీటీ మీద 300 అనే ఉంది. కాటా మీద పెట్టాం. 23 అంగుళాలకు 36 అంగుళాల షీట్లు వంద తూస్తే 16 కిలోలు రావాలి. పదమూడు కిలోల పైచిలుకు వచ్చింది. అంటే అది 250 బోర్డు. ఫోను చేస్తే తుపాను అన్నాడు. అక్టోబరు 28 రాత్రి మొంథా మన నర్సాపురం దగ్గరే తీరం దాటింది, ఆ గాలీ వానా ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. లారీలు ఆగాయంటే ఒప్పుకుంటాను. గోదాములో తేమ చేరిందని కూడా అన్నాడు. తేమ చేరితే కాగితం బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ‘ఎవరు చూస్తారండీ, లామినేషన్ వేస్తే తెలియదు’ అన్నాడు. నేను చూస్తాను. మా నాన్నగారు ట్రెడిల్ మిషను మీద ఒక్కో అక్షరం కూర్చి కార్డులు వేసిన రోజుల్లో కూడా అట్ట విషయంలో రాజీ పడలేదు. మొత్తం సరుకు వెనక్కి పంపి వేరేచోట తెప్పించాను. ఇకమీదట ఆ వ్యాపారితో లావాదేవీ లేదు.

బోర్డు వచ్చేదాకా ప్రూఫులు బల్ల మీదే ఉండిపోయాయి. రెండో సంగతికి మూలం అక్కడే ఉంది. సరుకు సమయానికి వచ్చి ఉంటే ఏటా వేసినట్టే వేసేసి ఊరుకునేవాడినేమో.

మా పెట్టెలో 120 వాక్యాలు ఉంటాయి, షీటుకు 24 చొప్పున అయిదు ఫారాలు. డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక పళ్ళెంలో బోర్లించి పెడితే వరుసలో వచ్చి ఒక్కొక్కరు ఒకటి తీసుకుంటారు. ఆ తర్వాత అది బీరువా తలుపుకో ఆటో అద్దానికో ఎక్కుతుంది. ఈ పళ్ళేల్లో చాలా ఏళ్ళుగా తిరుగుతున్న ఒక కార్డు 91వ కీర్తన పదో వచనం: ‘నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు.’ 2020 డిసెంబరు 31న ఆ కార్డు ఒక సోదరికి వచ్చింది. 2021 మే నెలలో ఆమె భర్త కరోనాతో పోయారు. ఆ ఏడాది చివర కార్డుల కోసం దుకాణానికి వచ్చినప్పుడు ఆమె బైబిల్లోంచి దాన్ని తీసి కౌంటరు మీద పెట్టింది. కోపంగా కాదు. ‘అన్నయ్యా, ఆ రాత్రి నేను పక్కన ఉన్న కార్డు తీసి ఉండాల్సిందా?’ అని అడిగింది.

నేను పాస్టరును కాను, ప్రింటరును. ఏమీ చెప్పలేకపోయాను. ఆమె మామూలుగానే డబ్బులిచ్చి కొత్త పెట్టె తీసుకుని వెళ్ళింది. అప్పటి నుంచి ఏటా ప్రూఫు దిద్దేటప్పుడు ఆ కార్డు దగ్గర నా చేయి ఆగేది. ఈ ఏడాది ప్లేట్లు ఎలాగూ కొత్తవి చేయించాలి. తేల్చుకోవలసి వచ్చింది.

మొదట ఆ కార్డు తీసేద్దామనుకున్నాను. రాత్రుళ్ళు నిద్ర పట్టలేదంటే నమ్మండి. తీసేయడానికి నేనెవరిని? అది దేవుని వాక్యం, నా సరుకు కాదు. పైగా ఎవరికో ఆసుపత్రి మంచం మీద ఆ వాక్యమే ఊపిరి అయి ఉంటుంది. ఉంచుదామంటే ఆ సోదరి అడిగిన మాట వదలదు. చివరికి కీర్తన మొత్తం తెరిచి చదివాను. పదో వచనం దగ్గర ఆగకుండా ఇంకో అయిదు వచనాలు ముందుకు వెళ్తే పదిహేనో వచనంలో ఉంది: ‘శ్రమలో నేనతనికి తోడై యుండెదను.’ అదే కీర్తన. అపాయం రాదన్న నోరే శ్రమలో తోడుంటానంటోంది. అంటే శ్రమ ఉంటుందనే కదా. ఇదే కీర్తనలోని రెండు వచనాలు ఎత్తుకుని సాతాను యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద శోధించాడని మత్తయి నాలుగో అధ్యాయంలో ఉంది. వాక్యాన్ని ముక్కగా చూపించడం ఎంత పాత సంగతో చూడండి.

రెండు వచనాలూ ఒకే కార్డు మీద వేశాను.

ఒకటి మార్చాక మిగతావి ఊరుకోనివ్వవు. యిర్మీయా 29:11 మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా అడిగే కార్డు, ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్నది. అది బబులోనుకు బందీలుగా వెళ్ళిన యూదులకు రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలో డెబ్బయి ఏళ్ళు గడిచాక అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్నది పరీక్షల పిల్లలకు ఇష్టమైన కార్డు. పౌలు దాన్ని సంకెళ్ళలో ఉండి రాశాడు, సమస్తము అంటే ఆకలినీ లేమినీ కలుపుకునే అన్నాడు. ఇక ‘నా కృప నీకు చాలును’ ఎప్పటి నుంచో మన పెట్టెలో ఉంది, అందరూ సంతోషంగా తీసుకుంటారు. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు అది. ముల్లు అలాగే ఉండిపోయింది. ఇలాంటివి మొత్తం పద్నాలుగు కార్డులు. కొన్నిటికి ముందు వచనమో తర్వాతి వచనమో చేరింది, కొన్ని కొత్తవి. ‘తలగా నియమించునుగాని తోకగా నియమింపడు’ కూడా అలాగే ఉంది, భయపడకండి. ఆ వచనంలోనే ఉన్న ఆజ్ఞల షరతు మాత్రం ఈసారి కార్డు మీదికి వచ్చింది. ద్వితీయోపదేశకాండము 28లో 68 వచనాలుంటే దీవెనలు మొదటి పద్నాలుగే. మిగతావి శాపాలు, వాటిని వేశానని ఎవరైనా అంటే నమ్మకండి. శాపాల పుకారు అక్కడి నుంచే పుట్టిందని నా అనుమానం.

ఇవన్నీ దిద్దుతుండగా జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. యోహాను 16:33 మనం ఎప్పుడూ ‘ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించి యున్నాను’ అని వేస్తాం, అన్ని ప్రెస్సులూ అంతే. ఈసారి దాని ముందున్న ‘లోకములో మీకు శ్రమ కలుగును’ కూడా కలిపాను. మా డీటీపీ అమ్మాయి ఆ ముక్కను ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన ‘పోయిన ఏడాది ఇది లేదు సార్’ అని రాసి పెట్టింది. పిలిచి చదివించాను. కాసేపు చూసి, ‘ఇది కూడా ఆయన ఇచ్చిన మాటే కదా సార్, పైగా తప్పకుండా జరిగేది’ అంది. ఆ ఎర్ర గీత ఉన్న ప్రూఫును పారేయకుండా దాచాను.

ఇక అభ్యంతరాలు. ఏటా పెద్ద ఆర్డరు ఇచ్చే ఒక సంఘం అయ్యగారు ఈసారి వద్దన్నారు. ‘జనం ఏడాదికి ఒక్కసారి ఆశతో పళ్ళెంలో చేయి పెడతారు, అక్కడ కూడా శ్రమే పెడతావా?’ అన్నారు. నొప్పి కలిగింది. ఆయన మాటలో న్యాయం లేదనను. కానీ తుపానుకు పడిపోయిన వరిచేలు మీరూ చూశారు, నేనూ చూశాను. కంకులు నీళ్ళలో మొలకెత్తిన రైతు ఈ డిసెంబరు 31న ఏ కార్డు తీయాలి? హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయంలో ‘చేనిలోని పైరు పంటకు రాకపోయినను’ అని ఉంది, ఆ వాక్యం ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అని ముగుస్తుంది. ఆ కార్డు కొత్తగా చేర్చాను. తలగా నియమిస్తాననే కార్డు ఆ రైతు చేతిలో ఎలా ఉంటుందో ఇది ఎలా ఉంటుందో అయ్యగారే ఆలోచించాలి. ఆర్డరు పోయినందుకు బాధ లేదంటే అబద్ధమే, మా సీజను మొత్తం ఈ నెలన్నరే. అయినా మార్చను.

మా దుకాణానికి వచ్చే ఒక రిటైర్డు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యగారు విషయం విని కూర్చుని చాలాసేపు మాట్లాడారు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు శాఖ విశ్వాసులు 1728 నుంచి రోజుకొక వాక్యం చెప్పుకునేవారట, 1731 నుంచి దాన్ని పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. వాక్యాన్ని చీటీ వేసి తీస్తారు, కానీ అది ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కాదు, అందరికీ ఒకటే. నాకు వచ్చింది మంచిది, నీకు వచ్చింది మంచిది కాదు అనుకునే వీలే లేదు. ఇంకోటి కూడా చెప్పారు, అది నాకు ఇంకా బాగా పట్టుకుంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1755లో లండనులో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఇప్పటికీ చాలా సంఘాల్లో కొత్త సంవత్సరం మొదట్లో జరుగుతుంది. అందులో ఎవరూ కార్డు తీసుకోరు. మనిషే దేవునికి మాట ఇస్తాడు: నన్ను పనిలో పెట్టుకున్నా సరే, పక్కన పెట్టినా సరే, నింపినా సరే, ఖాళీ చేసినా సరే, నేను నీవాడినే అని. నాలాంటి కార్డుల వ్యాపారికి ఇది గిట్టే సంగతి కాదని నవ్వారు. ఆ ప్రార్థనను తెలుగులో చిన్న కార్డుగా వేసి ప్రతి పెట్టెలో అడుగున పెడుతున్నాను. దానికి వేరే డబ్బు లేదు. అక్కరలేని వాళ్ళు తీసేయవచ్చు.

ఇప్పుడు మిగతా సంగతులు. రెండు వచనాలు పట్టాలి కాబట్టి ఆ కార్డుల్లో అక్షరం 16 పాయింట్ల నుంచి 12కు దిగింది. పెద్దవాళ్ళకు కళ్ళజోడు కావాలి, పువ్వు బొమ్మ తగ్గించినా అంతకన్నా చోటు రాలేదు. పెట్టె ధర పెంచలేదు. సెప్టెంబరు 22 నుంచి చాలా రకాల కాగితం, అట్టల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది, ఈ ఏడాదికి ఆ తేడా నేనే భరిస్తాను. గోడ క్యాలెండర్లు సిద్ధంగా ఉన్నాయి, వాటిలో ఏ మార్పూ లేదు. లంక గ్రామాల చిన్న సంఘాలకు ఎప్పటిలాగే విడి కార్డులు ఉచితం, ముందుగా ఫోను చేసి ఎన్ని కుటుంబాలో చెప్పండి. 31న సాయంత్రం ఆరింటికి షట్టరు దించేస్తాం, ఆ తర్వాత ఎవరు అడిగినా తీయం, మాకూ ఆరాధన ఉంటుంది.

పాత రకం కార్డులే కావాలనుకునేవాళ్ళు డిసెంబరు 18లోగా చెప్పండి. అడ్వాన్సు పైసాతో సహా తిరిగి ఇస్తాను, కారణం అడగను. పాత ప్లేట్లు మాత్రం అమ్మేశాను, కాబట్టి ‘మా ఒక్క సంఘానికి వేసిపెట్టు’ అని దయచేసి అడగకండి.