చీకటి క్లాసులో 11 సెకన్లు

ఫీనిక్స్, అరిజోనా
ఆదివారం, ఫిబ్రవరి 22

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్లో అడిగితే బాగానే ఉందంటారు, అందుకే అమ్మను వేరుగా అడుగుతాను. అమ్మ పంపిన కందిపొడి ఇంకో వారానికి సరిపోతుంది.

ఈ వారం క్లాసులో జరిగింది మీకు చెప్పాలి. ఫోన్లో అయితే సగంలో ఆగిపోతుందని ఉత్తరం మొదలుపెట్టాను.

పదకొండో తరగతికి నేను అమెరికా చరిత్ర చెబుతున్నాను కదా. పోయిన ఏడాది 1930ల ఆర్థిక మాంద్యం పాఠానికి బోర్డు నిండా అంకెలు రాశాను. పనిచేయగలిగే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. 1930 నుంచి 1933 వరకు సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. పిల్లలు రాసుకున్నారు, పరీక్షలో రాశారు, వదిలేశారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు బాధపడ్డాను.

ఈసారి బోర్డు జోలికే వెళ్ళలేదు. లైట్లు ఆర్పేసి, 1933 మార్చి 12న, ఒక ఆదివారం రాత్రి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడింది వినిపించాను. అప్పటికి ఆయన పదవిలోకి వచ్చి ఎనిమిది రోజులే. జనం డబ్బు కోసం బ్యాంకుల మీద పడుతుంటే దేశంలోని బ్యాంకులన్నీ మూసేయించాడు. తెల్లవారితే కొన్ని తెరవాలి. మళ్ళీ జనం ఎగబడితే అంతా కూలిపోతుంది. ఆ మనిషి ఏం చేశాడో తెలుసా నాన్నా? మీరు బ్యాంకులో వేసిన డబ్బును వాళ్ళు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయరు, అప్పులుగా ఇచ్చి తిప్పుతారు, అందుకే అందరూ ఒకేసారి అడిగితే ఇవ్వలేరు, అని మామూలు మాటల్లో చెప్పాడు. పరుపు కింద దాచుకోవడం కన్నా తెరిచిన బ్యాంకులో వేసుకోవడమే క్షేమం అన్నాడు. మర్నాడు బ్యాంకుల ముందు మళ్ళీ క్యూలు కట్టారు, ఈసారి డబ్బు తిరిగి వేయడానికి. ఆ నెలాఖరుకల్లా జనం దాచుకున్న డబ్బులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేసింది.

పరుపు అనగానే నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. 1969 జూలైలో ఇందిరాగాంధీ 14 బ్యాంకులను జాతీయం చేశానని రేడియోలో చెప్పినప్పుడు, అయినా సరే అని నాయనమ్మ డబ్బు పప్పు డబ్బాలోనే ఉంచిందని మీరు చెప్పేవారు. ఆ సంగతి పిల్లలకు చెప్పాను. అప్పుడు లేచింది మొదటి చెయ్యి. వాళ్ళ అమ్మమ్మ కూడా అంతేనట, బియ్యం సంచిలో పెడుతుందట. వాళ్ళది మెక్సికో.

తర్వాత వాళ్ళకు పని ఇచ్చాను. రూజ్‌వెల్ట్ పదవిలో ఉన్న 1933 నుంచి 1945 లోపు ఒక రోజు ఎంచుకుని, ఆ రోజు ఆయన స్థానంలో రేడియోలో దేశంతో మాట్లాడాలి. రెండు నిమిషాలు, 220 మాటలు మించకూడదు. రూజ్‌వెల్ట్ కూడా నిమిషానికి నూటపది మాటలకు అటూ ఇటూగానే, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఇంకో షరతు, రాసేముందు వినే మనిషిని ఒక్కరిని ఊహించుకుని కాగితం పైన రాయాలి. ఆ మనిషి ఏం పని చేస్తాడు, రేడియో పక్కన ఎవరు కూర్చున్నారు, ఆ రోజు ఇంట్లో ఏం వండారు. ఇది మీ దగ్గర నేర్చుకున్నదే. వ్యాసం దిద్దేటప్పుడు మీరు అంచున "ఎవరికి?" అని ఎర్ర సిరాతో రాసేవారు కదా.

మొదటి ప్రతులు చూసి నీరసపడ్డాను. అన్నీ పుస్తకం మాటలే. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ వాక్యం మీ అమ్మమ్మకు ఎలా చెబుతావు అని అడిగాను. మూడోసారి రాసేటప్పటికి మాట మారింది. ఇళ్ళ పైకప్పులు వేసే కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రాడు క్లాసులో నోరు తెరవడు. వాడు వృద్ధాప్య పింఛను చట్టం వచ్చిన 1935 ఆగస్టును తీసుకుని, పొలం కూలీతో, ఇళ్ళలో పని చేసే ఆవిడతో మాట్లాడాడు. ఈ పింఛను మీకు మాత్రం రాదు, అని వాళ్ళకు చెప్పాల్సిన ప్రసంగం. నిజంగానే ఆ చట్టం మొదట్లో వాళ్ళిద్దరినీ వదిలేసింది. వాళ్ళలో చాలామంది నల్లవాళ్ళు. వాడి గొంతు వణకలేదు. స్టోర్ రూములో దుప్పటి కప్పుకుని, చప్పుడు రాకుండా ఫోన్లో రికార్డు చేశాడు.

అసలు నేను రాయాలనుకున్నది ఒక అమ్మాయి గురించి. ఆమె 1942 ఫిబ్రవరి 23 ఎంచుకుంది. ఆ రాత్రి రూజ్‌వెల్ట్, ప్రపంచ పటం ముందు పెట్టుకుని వినండని జనాన్ని ముందే కోరాడు. జపాన్, జర్మనీలతో రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడెక్కడ జరుగుతోందో వేలు పట్టి చూపించినట్టు చెప్పాడు. చాలా గొప్ప పాఠం అది, ఏ టీచరైనా నేర్చుకోవాలి. కానీ దానికి నాలుగు రోజుల ముందే, ఫిబ్రవరి 19న, జపాన్ సంతతి వాళ్ళను ఇళ్ళ నుంచి తరలించడానికి దారి తీసిన ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. చివరికి సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టారు, వాళ్ళలో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. ఆ శిబిరాల్లో ఒకటి మాకు గంట ప్రయాణం దూరంలోనే ఉండేది, గిలా నది దగ్గర. అక్కడి ఆదివాసీలు వద్దన్నా వినకుండా వాళ్ళ భూమిలోనే కట్టారు.

ఆమె ఊహించుకున్న శ్రోత కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ తోట చేసుకునే ఒక జపనీస్ తండ్రి. పక్కన కూతురు, ఒళ్ళో పటం. గురువారం లైట్లు ఆర్పి విన్నాం. "పటం తీశారా? మీ ఊరి మీద వేలు పెట్టండి. త్వరలో మీరు అక్కడ ఉండరు. మీరు వెళ్ళే చోటు ఈ పటంలో ఇంకా లేదు. ఎందుకు వెళ్ళాలంటే..." అంటూ ఆపేసింది. ఫోన్ ఆగిపోయిందనుకున్నాను. 11 సెకన్లు ఏ శబ్దమూ లేదు. ఆ తర్వాత "శుభరాత్రి" అంది, అంతే.

తర్వాత అడిగితే చెప్పింది. ఎన్ని కారణాలు రాసినా, ఆ ఒక్క మనిషికి, ఆయన కూతురు వింటుండగా, మామూలు మాటల్లో చెప్పబోతే ఏదీ నోటికి రాలేదట. అందుకని ఖాళీగా వదిలేసిందట. మార్కుల పట్టికలో నిశ్శబ్దానికి గడి లేదు. నేను పూర్తి మార్కులు వేశాను. మీరైతే ఏం వేసేవారో తెలుసుకోవాలని ఉంది.

నాన్నా, ఒక సాయం కావాలి. 1975 జూన్ 26 పొద్దున ఎమర్జెన్సీ ప్రకటన రేడియోలో విన్నప్పుడు మీకు 22 ఏళ్ళు. భయపడాల్సిన పనేమీ లేదని ఆ రోజు ఇందిరాగాంధీ చెప్పిన మాట మీరు చాలాసార్లు తలుచుకునేవారు. తాతగారు లేచి రేడియో కట్టేశారని ఒకసారి చెప్పి, తర్వాత మాట మార్చేశారు. ఆ పొద్దున ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, రేడియో ఎక్కడుంది, తాతగారు ఏమన్నారు, అదంతా వాట్సాప్‌లో రికార్డు చేసి పంపండి. తెలుగులోనే, మీకు తోచినట్టే. ముందు మీ గొంతు అలాగే వినిపించి, ఆ తర్వాత నేను అర్థం చెబుతాను. ఈ గురువారం లోపు పంపితే చాలు. మధ్యలో మాట ఆగినా కోసేయకండి.

అమ్మను అడిగానని చెప్పండి.

మీ అమ్మాయి