పెద్దాసుపత్రి దగ్గర ఆదివారం కూడా ఐదు రూపాయల అన్నం కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, 19 రోజులు ఉంచుకుని బాగా చూసి పంపించారు. డాక్టర్ల మీద గానీ, సిస్టర్ల మీద గానీ నాకే ఫిర్యాదూ లేదు. ఈ ఉత్తరం ఆసుపత్రి గేటు ఎదురుగా మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్ గురించి.

ఆ 19 రోజుల్లో నేనూ మా తమ్ముడూ వంతులవారీగా అక్కడే తిన్నాం. పొద్దున ఇడ్లీయో, పూరీయో, ఉప్మాయో, పొంగలో. మధ్యాహ్నం, రాత్రి అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పెరుగు, పచ్చడి. ఏ పూటకైనా టోకెన్ 5 రూపాయలే. ఇద్దరం మూడు పూటలూ తిన్నా రోజుకు 30 రూపాయలు దాటలేదు. చవక కదా అని అన్నం చిమిడిపోయి, సాంబారు నీళ్లలా ఉంటుందేమో అనుకున్నాను. అలా లేదు. సాంబారు వేడివేడిగా ఉండేది, మునక్కాడ ముక్క తగిలేది. వడ్డించే అమ్మాయి ప్లేటు వంక కాకుండా మన ముఖం వంక చూసి "ఇంకాస్త వెయ్యనా అక్కా" అని అడిగేది. ఆపరేషన్ రోజు టెన్షన్‌తో ముద్ద దిగకపోతే, "తిను అక్కా, సాయంత్రం దాకా నిలబడాలిగా" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

అక్కడ తినేది పేషెంట్ల తాలూకు వాళ్లే కాదు. ఆటో డ్రైవర్లు, అడ్డా మీద నిలబడి ఆ పూట పని దొరకని కూలీలు, బట్టల షాపుల్లో రోజంతా నిలువుకాళ్ల మీద ఉండే ఆడపిల్లలు, కోచింగ్‌కి వచ్చి రూముల్లో ఉంటున్న కుర్రాళ్లు, కలెక్టరేట్‌కి అర్జీ పట్టుకుని వచ్చిన పెద్దాయనలు. అందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడి తింటారు. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్లకి అది ప్రభుత్వ పథకం కాదు, వాళ్ల హోటల్.

ఇబ్బందల్లా ఆదివారమే. ఆ రోజు క్యాంటీన్‌కి సెలవు.

మొదటి ఆదివారం ఆ సంగతి నాకు తెలియదు. రాత్రంతా వార్డులో కూర్చుని, ఏడున్నరకల్లా దిగి వెళ్లాను. తాళం వేసి ఉంది. అప్పటికే పది పన్నెండు మంది గేటు ముందు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకావిడ ఐదు రూపాయల బిళ్లని కొంగు చివర ముడేసుకుని వచ్చింది. తాళం చూసి ఆ ముడి విప్పింది, కాసేపు నిలబడింది, మళ్లీ వేసుకుని వెనక్కి వెళ్లిపోయింది. పక్కనే ఉన్న టీకొట్టు ఆయన ప్రతి ఆదివారం వచ్చిన వాళ్లకల్లా చెప్పలేక "ఈరోజు క్యాంటీన్ లేదు, రేపు ఉంటుంది" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు. చదువు రానివాళ్లు దాని కిందే నిలబడి ఎదురుచూస్తున్నారు.

ఆ రోజు బయట హోటల్లో ఇద్దరికి రెండు పూటల భోజనం, ఒకపూట టిఫిన్ కలిపి 400 రూపాయలు దగ్గర దగ్గరగా అయింది. మేం పెట్టుకోగలిగాం. మా పక్క బెడ్ వాళ్లు బన్ను, అరటిపండుతో సరిపెట్టుకున్నారు.

ఆసుపత్రిలో పేషెంట్‌కి పాలు, బ్రెడ్డు, భోజనం ఇస్తారు. పక్కన కూర్చున్న మనిషికి ఇవ్వరు. కానీ ఆ మనిషి లేకపోతే పెద్దాసుపత్రిలో పని జరగదని అందరికీ తెలుసు. స్కానింగ్‌కి స్ట్రెచర్ వెంట నడిచేది, రక్తం కోసం పరుగెత్తేది, అర్ధరాత్రి సెలైన్ అయిపోతే సిస్టర్‌ని పిలిచేది ఆ మనిషే. హైదరాబాద్‌లో 2022 మేలో 18 ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర, పేషెంట్ల సహాయకుల కోసమే మూడు పూటలా 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. వాళ్ల ఆకలిని కూడా ఆసుపత్రి బాధ్యతగానే చూశారు.

అన్న క్యాంటీన్లు 2018 జూలై 11న మొదలయ్యాయి. 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. మళ్లీ 2024 ఆగస్టు 15న గుడివాడతో మొదలై తెరుచుకున్నాయి. ఏ పార్టీది తప్పు, ఏ పార్టీది ఒప్పు అన్నది నాకు అక్కర్లేదు. మధ్యలో ఐదేళ్లు ఆ గేటు ముందు నిలబడి వెనక్కి వెళ్లినవాళ్ల గురించే నా బాధ. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా దీన్ని మాత్రం మూయకూడదు. పేరు ఎవరిదైనా పెట్టుకోండి, పొయ్యి ఆర్పకండి.

ఒక మనిషి మూడు పూటల తిండికి 90 రూపాయలు అవుతుందని, అందులో 75 ప్రభుత్వమే భరిస్తోందని ఈ క్యాంటీన్లు తిరిగి తెరిచినప్పుడు మీ పేపర్లోనే చదివాను. ఆదివారం కూడా అంటే ఖర్చు పెరుగుతుంది, కాదనను. అందుకే రాష్ట్రంలోని రెండు వందల పైచిలుకు క్యాంటీన్లూ తెరవమని అడగడం లేదు. ముందు పెద్దాసుపత్రుల దగ్గర ఉన్నవి తెరవండి. కూరలూ, పూరీలూ లేకపోయినా ఫరవాలేదు, సాంబారన్నం, పెరుగన్నం చాలు. వండేవాళ్లకీ, వడ్డించేవాళ్లకీ వారానికో రోజు విశ్రాంతి ఉండాల్సిందే. ఆ సెలవు అందరికీ ఒకేరోజు కాకుండా వంతులవారీగా ఇవ్వొచ్చు కదా. ఈ క్యాంటీన్లకి విరాళాలు ఎలాగూ తీసుకుంటున్నారు. పుట్టినరోజుకో, పెద్దవాళ్ల సంవత్సరీకానికో ఒక ఆదివారం భోజనం మా పేరున పెట్టండి అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మొదటి ఆదివారానికి మా అమ్మ పేరున నా వంతు నేను ఇస్తాను.

కోనసీమలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే పెట్టారు. ఆ గుమ్మంలో ఆదివారం తాళం ఉండేది కాదు.

మున్సిపల్ శాఖ అధికారులు, మా ఎమ్మెల్యే గారు దయచేసి ఒక్క ఆదివారం పొద్దున ఏడున్నరకి ఆ గేటు దగ్గరికి రావాలని కోరుతున్నాను.

వీలుంటే ఈ ఉత్తరాన్ని ఆదివారం సంచికలోనే వేయండి. ఆ టీకొట్టులో మీ పేపరే వేయించుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు