గ్రిడ్ భద్రత లెక్కలు ప్రజల ముందు పెట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలి దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేకుండా పోయినప్పుడు దక్షిణాది నిలబడింది. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్కలో) కలవలేదు. రెండు వైపులా ఫ్రీక్వెన్సీ వేరైనా కరెంటు పంపగల తాల్చేర్–కోలార్ వంటి డీసీ లైన్ల ద్వారానే కరెంటు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఆ దిగుమతి హఠాత్తుగా తగ్గినా మనం తట్టుకోవడానికి, ఫ్రీక్వెన్సీ పడిపోగానే కొన్ని ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, పేటలకు కరెంటు తీసుకెళ్లే లైన్లకు) తమంతట తామే సరఫరా నిలిపేసే రిలేలు పనిచేయడం ఒక కారణమని కేంద్ర విచారణ కమిటీ రాసింది.

2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో మనమూ జాతీయ గ్రిడ్‌లో కలిశాం. అది మంచి నిర్ణయమే. లోటు ఉన్న రోజుల్లో ఎక్కడి కరెంటైనా తెచ్చుకోగలుగుతున్నాం. అయితే ఎక్కడో జరిగే పెద్ద ప్రమాదం ఇప్పుడు క్షణాల్లో మన దాకా వస్తుంది కనుక, ఆ రిలేల అవసరం మునుపటికన్నా పెరిగింది.

వాడకం ఉత్పత్తిని మించిన క్షణంలో దేశంలోని టర్బైన్లన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కిందికి దిగుతుంది. ముందుగా తిరుగుతున్న యంత్రాల బరువే ఆ పతనాన్ని కొంత ఆపుతుంది, తర్వాత గవర్నర్లు, అంటే టర్బైన్ల వేగాన్ని అదుపు చేసే పరికరాలు, ఆవిరిని, నీటిని పెంచుతాయి. అదీ చాలక 49.4 హెర్ట్జ్‌కు చేరితే రిలేలు దశలవారీగా ఫీడర్లను ఆపాలి. అవి మొరాయిస్తే విద్యుత్ కేంద్రాలు తమ యంత్రాలను కాపాడుకోవడానికి ఒక్కొక్కటే తప్పుకుంటాయి, లోటు ఇంకా పెరుగుతుంది. 2012లో బీనా–గ్వాలియర్ 400 కేవీ లైన్‌లో అసలు లోపమే లేదు. మోయలేని భారాన్ని ఆ లైన్‌ను కాపాడే మరో రకం రిలే లోపంగా పొరబడి లైన్‌ను ట్రిప్ చేసింది (ఆపేసింది). ఉత్తరాది రాష్ట్రాల్లో ఫీడర్లను ఆపవలసిన రిలేల నుంచి మాత్రం తగినంత ఉపశమనం అందలేదు.

మన రిలేల పరిస్థితి ఏమిటి? వంతులవారీగా కరెంటు ఇచ్చే వ్యవసాయ ఫీడర్‌కు రిలే బిగిస్తే, ఆ ఫీడర్‌కు సరఫరా లేని వేళ అది పనిచేసినా ఒక్క మెగావాటు తగ్గదు. ఇళ్ల పైకప్పుల మీద సోలార్ పలకలు ఎక్కువగా ఉన్న ఫీడర్‌ను మిట్టమధ్యాహ్నం ఆపితే వాడకంతో పాటు ఉత్పత్తి కూడా పోతుంది. కాబట్టి కాగితం మీద ఎన్ని రిలేలున్నాయన్నది కాకుండా, ఏ వేళలో ఎంత లోడు (గ్రిడ్ మీద పడే వాడకం) నిజంగా తగ్గుతుందో లెక్కగట్టాలి.

గ్రిడ్ మొత్తం పడిపోతే తిరిగి లేపడం ఇంకా కష్టం. థర్మల్ కేంద్రంలో బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, పంపులు నడవాలంటే ముందు బయటి నుంచి కరెంటు రావాలి. జలవిద్యుత్ కేంద్రానికి ఒక డీజిల్ జనరేటరో, బ్యాటరీలో ఉంటే గేటు తెరిచి టర్బైన్‌ను తిప్పవచ్చు. అందుకే శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి కేంద్రాల విలువ అవి అమ్మే యూనిట్లతోనే తేలదు. అక్కడి నుంచి ఒక్కో లైన్‌కు కరెంటు ఎక్కిస్తూ థర్మల్ కేంద్రం దాకా కరెంటు చేర్చాలి. లోడు లేని పొడవాటి లైన్‌లో వోల్టేజీ ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ లోడు తగిలిస్తే లేచిన కొద్దిపాటి గ్రిడ్ మళ్లీ కూలుతుంది. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ చీకటైనప్పుడు జలవిద్యుత్ కేంద్రాలు ఆదుకున్నా, స్పెయిన్‌కు ఫ్రాన్స్, మొరాకోల నుంచి కరెంటు అందినా, పని దాదాపు పూర్తయ్యేసరికి మరునాటి తెల్లవారుజాము అయింది. సిబ్బందికి ముందస్తు సాధన లేకపోతే ఆ గంటలు ఇంకా పెరుగుతాయి.

ఏటా విద్యుత్ ఛార్జీలపై జరిగే బహిరంగ విచారణల్లో యూనిట్ ధర గురించి గట్టిగానే వాదిస్తాం, వాదించాలి కూడా. గ్రిడ్ పడితే ఎన్ని గంటల్లో లేస్తుందని మాత్రం ఎవరూ అడగరు. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు ట్రాన్స్‌కోలు, జెన్‌కోలు, డిస్కంల (సరఫరా, ఉత్పత్తి, పంపిణీ సంస్థల) నుంచి ఏటా ఒక నివేదిక తెప్పించి తెలుగులోనే ప్రకటించాలని నా వినతి. ఎన్ని రిలేలను పరీక్షించారు, ఎంత లోడు నిజంగా తగ్గింది, బయటి కరెంటు లేకుండా కేంద్రాన్ని నడిపించే బ్లాక్ స్టార్ట్ కసరత్తు ఏ కేంద్రంలో ఎప్పుడు జరిగింది, అది ఎంతవరకు నెరవేరింది, ఆసుపత్రులకు, మంచినీటి పంపులకు ఏ వరుసలో కరెంటు తిరిగి ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. భద్రత రీత్యా గోప్యంగా ఉంచవలసిన సాంకేతిక వివరాలను మినహాయించవచ్చు. తదుపరి ఛార్జీల విచారణకు ముందే తొలి నివేదిక వెలువడితే, దాని మీదా ప్రజలు అభిప్రాయం చెప్పగలుగుతారు.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారుడు,
కర్నూలు