సమరయుని కథను ఐదు నిమిషాల్లో ముగించకండి

సంపాదక మహాశయా,

వేసవి సెలవులొస్తే చర్చిల్లో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, పిల్లల బైబిలు తరగతులు) సందడి మొదలవుతుంది. యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యం, రంగుల బొమ్మ, చివర్లో బిస్కెట్ ప్యాకెట్. మధ్యలో కథకు మిగిలేది ఐదు నిమిషాలు. అందులోనూ సగం "కాబట్టి పిల్లలూ, మనం అందరికీ సహాయం చేయాలి" అన్న మాటకే పోతుంది. ఆ "కాబట్టి" వినపడగానే వెనక వరుస రంగు పెన్సిళ్లు తీస్తుంది.

లూకా 10వ అధ్యాయంలో, "నా పొరుగువాడెవడు?" అని అడిగిన ధర్మశాస్త్ర పండితుడికి యేసు చెప్పిన కథ ఇది. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్తూ దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి ఇద్దరు చూసి పక్కగా వెళ్లిపోతారు; యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడొకడు ఆగి ఆదుకుంటాడు. యేసు దీన్ని మనలా ముగించలేదు. ముగ్గురిలో పొరుగువాడు ఎవరని అడిగి, జవాబు ఆ పండితుడి నోటనే చెప్పించాడు. "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్నది ఆ తర్వాతే. టీచర్లు కూడా ప్రశ్న వేసి కనీసం పది సెకన్లు ఊరుకోవాలి. ఆ మౌనం భరించలేక మనమే జవాబు చెప్పేస్తాం, అక్కడే కథ చచ్చిపోతుంది.

నాటకం వేయిస్తే మగపిల్లలంతా దొంగలవుతామంటారు, కొట్టుకోవడంతోనే సరిపోతుంది. దెబ్బల ఘట్టం వదిలేయండి. పన్నెండు, పదిహేను మంది పిల్లలుంటే ఒక్కొక్కరిని అర నిమిషం దుప్పటి మీద కళ్లు మూసుకుని పడుకోమనండి. ఇంకొకరు చెప్పులతో నడుస్తూ దగ్గరకొచ్చి, ఒక్క క్షణం ఆగి, పక్కగా వెళ్లిపోవాలి. దగ్గరైన అడుగుల చప్పుడు దూరమవడం చెవితో విన్న పిల్లవాడికి జాలి గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

"నేనైనా పారిపోతా, భయమేస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. కోప్పడకండి, అది నిజాయితీగల జవాబు. యెరూషలేము నుంచి యెరికోకు దారి సుమారు 27 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, రాళ్ల లోయలు. ఎవరికైనా భయమే. భయపడేవాడు కూడా 108కి ఫోన్ చేయగలడు కదా అని అడగండి. సమరయుడు సైతం తర్వాతి సేవ పూటకూళ్లవాడికి అప్పగించి వెళ్లినవాడే. ఖర్చుకని అతడికిచ్చిన రెండు దేనారాలు (వెండి నాణేలు) రెండు రోజుల కూలి అని చెబితే పిల్లలకు లెక్క అందుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సమరయుడెవరో చెప్పేటప్పుడు. "తక్కువ కులంవాడు లాంటివాడు" అనేస్తుంటారు. ఆ మాట సూటిగా తగిలే పిల్ల ముందు వరుసలోనే కూర్చుని ఉండొచ్చు. "యూదులు సమరయుల ఇంట మంచినీళ్లు తాగేవారు కాదు" అంటే చాలు, పల్లె పిల్లలకు మిగతాది తెలుసు. యూదులంతా చెడ్డవాళ్లన్న అర్థమూ రానివ్వకూడదు. కథ చెప్పిన యేసు యూదుడే.

ఐదేళ్లలోపు వారికి ఒక్క బొమ్మ, నాలుగు నిమిషాలు చాలు. ఎనిమిది దాటినవారికి ఈ కథ రెండు ఆదివారాలు పెట్టండి. మొదటి వారం గాయపడినవాడి వైపు నుంచి, రెండో వారం సమరయుడి వైపు నుంచి. బైబిలు వచనాలు చదివించడం వాడుక మాటల్లో కథ విన్నాకే. లేకపోతే "పరామర్శించెను" దగ్గర ఆగిపోతారు.

చివరి ప్రార్థనలో, తాము ఆటలో చేర్చుకోని ఒక్కరి పేరు మనసులో దేవునితో చెప్పుకోమనండి. పైకి చెప్పించకండి. ఆ పేరుగల పిల్లవాడు పక్కనే ఉంటాడు.

– సండే స్కూలు ఉపాధ్యాయులు, గుంటూరు జిల్లా